సారా పాఠం, కంటి చుక్కలు, గార పళ్లు

1991లో నెల్లూరు జిల్లా పల్లెల్లో పగలంతా నాట్లు వేసి, కలుపు తీసి ఇల్లు చేరిన ఆడవాళ్లు రాత్రిపూట పలక పట్టుకుని కూర్చున్నారు. ‘అక్షరదీపం’ పేరుతో జిల్లా అంతటా సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులవి. వారి చేతికిచ్చిన వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉంది. సారా వల్ల చితికిపోయిన ఒక కాపురం కథ అది. చదువుతున్నవారికి అందులో తెలియని సంగతి ఒక్కటీ లేదు. కూలి డబ్బు సారా అంగడికి పోవడం, పొయ్యి మీదికి గింజ లేకపోవడం, రాత్రి దెబ్బలు, తెల్లారగానే మళ్లీ పనికి పోవడం అన్నీ తమ ఇళ్లలో జరిగేవే. అయినా ఆ పాఠం వారిని కుదిపేసింది. అంతదాకా ప్రతి ఇల్లాలూ తన ఇంటి గుట్టు అనుకుని దాచుకున్నది పుస్తకంలో అచ్చయి ఉంది. పక్కన కూర్చున్నామె కూడా అదే పాఠం చదువుతోంది. తన కష్టం ఆమెకు తెలుసని, ఆమె కష్టం తనకు తెలుసని, ఈ సంగతి ఇద్దరికీ తెలుసని అక్కడ తేలిపోయింది.

మాధ్యమం బలం మొదట కనిపించేది ఇక్కడే. అందరికీ విడివిడిగా తెలిసినదాన్ని అందరి ఎదుటా పెట్టగలగడం చిన్న పని కాదు. పత్రిక, రేడియో, టీవీ, ఇప్పుడు చేతిలోని ఫోను జనం ఆలోచననూ నడతనూ ఎలా మారుస్తాయని అడిగితే సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. మీడియా ఎలా ఆడిస్తే జనం అలా ఆడతారని కొందరంటారు. జనం తెలివైనవారు, ఎవరి మాటకూ లొంగరని మరికొందరంటారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల అనుభవం ముందు ఈ రెండు జవాబులూ నిలబడవు. వార్త ఒకప్పుడు ఇక్కడి ఊళ్లకు ధైర్యమిచ్చింది, ఇంకొకప్పుడు వేలమందిని పరుగులు పెట్టించింది. దాదాపు తొంభై ఏళ్లుగా ఉన్న ఒక బాధను మాత్రం ఎప్పుడో ఒకసారి తలచుకుని ఊరుకుంటోంది. వార్త ఎవరి నోట ఊరికి చేరింది, చేరాక దాన్ని అందుకునే చేతులు అక్కడ ఉన్నాయా అన్నది చూడకుండా ఈ తేడా అర్థం కాదు.

నెల్లూరు జిల్లాలోని దూబగుంట అనే ఊళ్లో ఆ చేతులు ఉన్నాయి. రాత్రి బడిలో కలిసిన ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలబడగా, ఊళ్లోకి వచ్చే సారాను అడ్డగించి వెనక్కి పంపారు. ఆ రోజుల్లో అది ఎంత సాహసమో ఇప్పటివారికి చెప్పాలి. 1980లలో ‘వారుణి వాహిని’ పథకం కింద ప్రభుత్వమే చౌక సారాను ప్యాకెట్లలో నింపి పల్లెలకు అందించింది. ఖజానాకు అది పెద్ద రాబడి. సారా బండికి అడ్డం నిలవడమంటే కాంట్రాక్టరుతోపాటు ఎక్సైజు శాఖనూ, ఆ శాఖ వెనకున్న ప్రభుత్వాన్నీ ఎదిరించడమే.

సంగతి అక్కడితో ఆగి ఉంటే దూబగుంట పేరు చుట్టుపక్కల నాలుగు ఊళ్లు దాటేది కాదు. ఆ ఊరి కథ మళ్లీ పాఠమైంది. ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పేరుతో తరువాతి వాచకంలోకి ఎక్కింది. మిగతా ఊళ్ల రాత్రి బడుల్లో దాన్ని చదివారు. మొదటి పాఠంలో కష్టం ఉంది. రెండో పాఠంలో మనలాంటివాళ్లే, మన జిల్లాలోనే, ఈ పని చేసి చూపించారన్న కబురుంది. బాధ చెప్పి ఊరుకున్న వార్త విన్నవారు నిట్టూర్చి ఇంటికి వెళతారు. ఆ బాధను ఎదుర్కొన్నవారి ఊరూ పేరూ చెప్పిన వార్త వింటే, మనమెందుకు చేయకూడదన్న మాట ఎవరో ఒకరి నోట వస్తుంది.

పత్రికలు వచ్చింది ఆ తరువాతే. సారా ఉద్యమాన్ని పత్రికలే పుట్టించాయని తరచూ చెబుతుంటారు కాబట్టి ఈ వరసను గట్టిగా గుర్తుంచుకోవాలి. ‘ఈనాడు’ 1989లో జిల్లాకొక ప్రత్యేక అనుబంధం (టాబ్లాయిడ్) వేయడం మొదలుపెట్టింది. అంతకుముందు ఒక పల్లెలో పాతికమంది ఆడవాళ్లు సారా బండిని ఆపితే, చోటు మిగిలితే, రాష్ట్ర పేజీలో ఒక మూల రెండు వాక్యాలు వచ్చేవి. జిల్లా టాబ్లాయిడ్‌కు రోజూ పేజీలు నింపాలి. అందుకు ఊళ్ల వార్తలు రాసి పంపే కంట్రిబ్యూటర్ మండలానికొకరు కావాలి. ఆ కంట్రిబ్యూటర్‌కు రోజూ ఏదో ఒక వార్త కావాలి. అమ్మకాలు, ప్రకటనలు పెంచుకోవడానికి చేసుకున్న ఏర్పాటే పల్లె ఆడవాళ్ల మాటకు అచ్చులో చోటు తెచ్చిపెట్టింది.

1992లో పోరాటం ఊరూరా పాకినప్పుడు ఆ పత్రిక దానికోసం ప్రత్యేకంగా చోటు కేటాయించి రోజూ వార్తలు వేసింది. ఒక ఊళ్లో సారా అంగడి మూయించారని చదివి పొరుగూరు వాళ్లు తమ ఊళ్లోనూ మూయించేవారు. అది మర్నాటి వార్త అయ్యేది. నెల్లూరులో సారా వేలంపాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీదే ఎన్టీ రామారావు మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం అమల్లోకి వచ్చింది. వారుణి వాహిని మొదలైంది కూడా ఆయన ప్రభుత్వ హయాంలోనే. పదేళ్లు తిరిగేసరికి అదే నాయకుడి నోట పూర్తిగా వేరే మాట పలికించింది పల్లె ఆడవాళ్ల పట్టుదల, దానికి తోడైన అచ్చు.

అప్పటి కాంగ్రెస్ ప్రభుత్వంతో పడదు కాబట్టే ఆ పత్రిక ఇంత చోటిచ్చిందన్న విమర్శ ఆనాడూ ఉంది, ఇప్పటికీ ఉంది. అందులో కొంత నిజం ఉండవచ్చు. అయితే యాజమాన్యం లెక్కలు ఏవైనా, పత్రిక ఆ ఆడవాళ్లను వాడుకున్నట్లే ఆ ఆడవాళ్లూ పత్రికను వాడుకున్నారు. కంట్రిబ్యూటర్ రాకముందే వాళ్లు ఒకటయ్యారు కాబట్టి అది సాధ్యపడింది.

1940 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీ ఓటర్లను సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం నెలల తరబడి పరిశీలించింది. రేడియో ప్రసంగాలు, పత్రికల రాతలు నేరుగా ఓటు మార్చినవారు చాలా తక్కువగా కనిపించారు. చుట్టుపక్కల విషయం తెలిసినవారని పేరున్న మనుషుల మాటకు జనం ఎక్కువ విలువ ఇచ్చారు. మాధ్యమం నుంచి ఆ మనిషికి, ఆ మనిషి నుంచి పదిమందికి చేరే ఈ తీరుకు ‘రెండంచెల ప్రవాహం’ అని పేరు పెట్టారు. రాత్రి బడిలో కాస్త ముందుగా అక్షరాలు కూడబలుక్కున్న ఆమె పైకి చదువుతుంటే మిగతావారు వినడం అదే. నెల్లూరుకు ఆ అలవాటు ఇంకా పాతది. 1930లో వెలువడటం మొదలుపెట్టిన ‘జమీన్ రైతు’ వారపత్రిక వెంకటగిరి జమీందారీ రైతుల గోడును అచ్చులోకి తెచ్చింది. ఒకరు చదివితే పదిమంది చెవి ఒగ్గి వినే కాలమది.

నిషేధం వచ్చాక వార్తల్లో ప్రశ్న మెల్లగా మారింది. 1992లో వార్తలో ఉన్నది కాపురం. మూడు నాలుగేళ్లు గడిచేసరికి కల్తీ సారా, సరిహద్దులు దాటి వస్తున్న దొంగ సరుకు, ఖజానాకు పడిన గండి ముందుకొచ్చాయి. ఇవేవీ అబద్ధాలు కావు. కాపురం కూలడమూ నిజమే, ఖజానా ఖాళీ కావడమూ నిజమే. అయితే రోజూ ఏ నిజం ముందు పేజీలో ఉంటుందో దాన్ని బట్టే సమస్య ఎవరిదో తేలుతుంది. కాపురం గురించి మాట్లాడుతున్నంతకాలం రోశమ్మ మాట వినాలి. ఖజానా గురించి మాట్లాడటం మొదలయ్యాక ఆర్థిక శాఖ అధికారి మాట వింటే చాలు. 1997లో నిషేధాన్ని ఎత్తివేశారు. అక్షరాస్యత ఉద్యమం వేడి అప్పటికే చల్లారింది. 1992 నాటి కదలిక మళ్లీ కనిపించలేదు.

ఇక 2021 మే. కరోనా రెండో ఉధృతి. ఆసుపత్రుల్లో పడకలు దొరకడం లేదు, ఆక్సిజన్ సిలిండర్ కోసం జనం ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నారు. ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య మూలికలతో మందు చేసి ఉచితంగా ఇస్తున్నారన్న మాట చుట్టుపక్కల ఊళ్లలో మొదలై ఫోన్లలోకి ఎక్కింది. వాటిలో ఒక వీడియో మిగతావాటిని మించిపోయింది. ఆక్సిజన్ పడిపోయిన ఒక రిటైర్డ్ ప్రధానోపాధ్యాయుడు, కంట్లో చుక్కలు, కొద్దిసేపటికి ఆయన తేరుకుని తనకు నయమైందని చెప్పడం. ఉన్నదంతా అంతే.

కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి వాలడం వల్లే రాలిందనిపించే ఆ కలయికనే కాకతాళీయం అంటారు. వీడియో చేసే మాయ కూడా ఇలాంటిదే. ముందు మనిషి నీరసంగా కనిపిస్తాడు, తరువాత మాట్లాడతాడు, మధ్యలో చుక్కలు పడ్డాయి. చుక్కల వల్లే కోలుకున్నాడని వీడియో ఎక్కడా నిరూపించదు, చూసేవారి మనసే ఆ ముడి వేసుకుంటుంది. మరుసటి రోజు ఆ మనిషి ఎలా ఉన్నాడో, చుక్కలు వేసుకుని కూడా కోలుకోనివారు ఎందరో ఆ చిన్న తెర మీద కనిపించదు. దీనికి తోడు చూసినదాన్నే మళ్లీ మళ్లీ చూడటం. ఒకే వాక్యాన్ని పలుమార్లు వినిపిస్తే అది నిజమేననిపించడం పెరుగుతుందని 1977లో అమెరికా మనోవిజ్ఞాన పరిశోధకులు ప్రయోగం చేసి చూపారు. ఒకే వీడియో మేనమామ పంపి, కాలనీ గ్రూపులో వచ్చి, సాయంత్రం టీవీలోనూ కనిపిస్తే మూడు సాక్ష్యాలు దొరికినట్టే ఉంటుంది. ఉన్నది ఒక్క సాక్ష్యమే.

మే 21న కృష్ణపట్నం దారి వాహనాలతో నిండిపోయింది. వేలమంది గుమిగూడారు. అంబులెన్సుల్లోనూ రోగులను తీసుకొచ్చారు. అంటువ్యాధి కాలంలో అంత గుంపు చేరడమే పెద్ద ముప్పు. పంపిణీ ఆపవలసి వచ్చింది. పరిశీలన నివేదికలు వచ్చాక మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలు మినహా మిగతా మందులకు అనుమతి ఇచ్చింది. వాటివల్ల హాని కనిపించలేదని, కరోనా తగ్గుతుందనడానికి మాత్రం రుజువు లేదని ఆ నివేదికల సారాంశం. వీడియోలో తేరుకుని మాట్లాడిన పెద్దాయన మళ్లీ ఆసుపత్రి పాలై, కొద్దిరోజులకే కన్నుమూశారు. మొదటి వీడియోను నలుగురికి పంపినవారిలో ఎంతమంది ఆ కబురును కూడా అదే నలుగురికి పంపారు?

కృష్ణపట్నం దారి పట్టినవారిని వెర్రివాళ్లని తీసిపారేయడం అన్యాయం. పడక దొరకనివారికి, దొరికినా ప్రైవేటు ఆసుపత్రి బిల్లు కట్టలేనివారికి ఎక్కడో ఒకచోట ఆశ కావాలి. అయితే ఆ రెండు వారాలూ టీవీ చర్చల్లో నలిగిన ప్రశ్న ఏమిటి? మందు పనిచేస్తుందా, చేయదా? నాటువైద్యమా, అల్లోపతీయా? వాదన ఎంత సాగినా ప్రశ్న అదే. 1968 అమెరికా ఎన్నికల సమయంలో చాపెల్ హిల్ పట్టణంలో మెక్‌కోంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు ఇంకా ఎటూ తేల్చుకోని వందమంది ఓటర్లను ప్రశ్నించారు. ఏవి ముఖ్యమైన సమస్యలని ఆ ఓటర్లు అనుకుంటున్నారో, పత్రికలు, టీవీ ఏవి ఎక్కువగా చూపుతున్నాయో పోల్చిచూస్తే రెండు వరసలూ దాదాపు ఒక్కటే. ఏమి ఆలోచించాలో మీడియా చెప్పలేకపోవచ్చు, దేని గురించి ఆలోచించాలో చెప్పగలదని ఆ పరిశోధన తేల్చింది. 2021 మేలో అది కళ్లముందే జరిగింది. ముత్తుకూరు మండలంలో ఎన్ని ఆక్సిజన్ పడకలున్నాయి, టీకాలు ఎప్పుడొస్తాయి అన్న ప్రశ్నలు చుక్కల మందు ప్రశ్న వెనక్కి వెళ్లిపోయాయి. మందును పొగిడిన ఛానలూ, ఎగతాళి చేసిన ఛానలూ ఈ విషయంలో ఒకే పని చేశాయి.

ఇక్కడా రెండంచెల ప్రవాహమే నడిచింది. రాత్రి బడిలో పాఠాన్ని పదిమంది కలిసి చదివారు. సందేహం వస్తే అక్కడే అడిగారు. అందులో చెప్పింది నిజమో కాదో తమ ఊరి సారా అంగడి దగ్గర తేల్చుకోగలిగారు. ఫోనులో వీడియోను ఎవరికి వారు, భయంతో నిద్రపట్టని రాత్రి, ఒంటరిగా చూశారు. పంపింది మేనమామ. వైద్యం ఆయనకు తెలుసా అని ఎవరడుగుతారు? మన మంచి కోరేవాడు, అంతే చాలు. పూర్వం ఊళ్లో ఒకరి మాటకు విలువ వచ్చేది విషయం తెలిసినందువల్ల. వాట్సాప్ గ్రూపులో బంధుత్వం ఒక్కటే ఆ విలువను ఇచ్చేస్తోంది.

భయం వార్త సరిహద్దులు ఎలా చెరిపేస్తుందో చెప్పడానికి ఇంకొక చిన్న ఉదాహరణ. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకింది. అధికారుల ఆంక్షలు ఆ ఊళ్ల చుట్టూ పది కిలోమీటర్ల లోపే. టీవీ తెర అడుగున కదిలే అక్షరాల్లో మాత్రం ఉండేది ‘నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ’ అని. జిల్లా అన్న మాట పది కిలోమీటర్లను నూటయాభై కిలోమీటర్లు చేసేస్తుంది. బాగా ఉడికించిన మాంసంలో ఆ వైరస్ బతకదన్న సంగతి వార్త చివరి వాక్యంలో ఉంటుంది, చాలామంది అంతదాకా చదవరు.

టీకొట్టు దగ్గర రెండు మూడు పత్రికలు పక్కపక్కన ఉంటాయి. ఏది ఏ పార్టీదో ఇక్కడ అందరికీ తెలుసు. అందుకే తాము మోసపోమని, అవతలి పత్రిక చదివేవారే మోసపోతున్నారని ప్రతివారి నమ్మకం. ‘మీడియా ప్రభావం ఇతరుల మీదే ఎక్కువ, నా మీద కాదు’ అన్న ఈ భావాన్ని 1983లో డబ్ల్యు. ఫిలిప్స్ డేవిసన్ అనే పరిశోధకుడు ‘మూడో వ్యక్తి ప్రభావం’ అన్నాడు. పార్టీ రంగును గుర్తుపట్టడం తేలికే. ఏ పత్రికలోనూ రాని సంగతిని గుర్తుపట్టడమే కష్టం, ఎందుకంటే దానికి రంగు ఉండదు.

అలాంటి సంగతి కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల నీళ్లలో ఉంది. ఫ్లోరైడ్ అనగానే తెలుగువారికి నల్లగొండ గుర్తుకొస్తుంది. అక్కడి బాధ నిజం, అక్కడివారి పోరాటం గొప్పది. రాజధాని హైదరాబాదుకు దగ్గరగా ఉండటం వల్ల కెమెరాలు కూడా వెళ్లగలిగాయి. కానీ మన దేశంలో, నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు అయిన ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి వైద్య పత్రికల్లో రాసింది 1937లో, మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా గురించి. దున్నే ఎడ్లు కీళ్లు పట్టేసి నడవలేకపోవడం అంతకుముందే రైతుల కంటపడింది. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనివే. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి. మద్రాసులో 1921లో ‘స్వరాజ్య’ పత్రిక పెట్టి, దానికోసం సంపాదించినదంతా కరగబెట్టుకున్న టంగుటూరి ప్రకాశం పేరే తరువాత ఆ జిల్లాకు పెట్టారు. పత్రిక నడిపిన మనిషి పేరున్న జిల్లాలో ఇంత పాత బాధకు అచ్చులో స్థిరమైన చోటు దొరకలేదు.

దానికి ఎవరి దురుద్దేశమూ అక్కరలేదు. వార్త తయారయ్యే తీరే అలాంటిది. వార్త కావాలంటే నిన్న ఏదో జరగాలి. ఫ్లోరోసిస్ ఏ ఒక్క రోజునా జరగదు. పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చే వయసులో మచ్చలు కనిపిస్తాయి. వాటినే ఊళ్లో గార పళ్లంటారు. ఎముకలకు పాకినవారికి నడుము వంగదు, మెడ తిరగదు, కాళ్లు వంకరపోతాయి, ఇదంతా ఏళ్ల తరబడి. ఇందులో ఏ రోజును ‘నిన్న’ అని రాయాలి? కంట్రిబ్యూటర్‌కు డబ్బు వచ్చేది అచ్చయిన వార్త నిడివిని బట్టి. పైగా ప్రకటనలు సేకరించే బాధ్యతా అతని మీదే ఉంటుంది. నాయకుడి పుట్టినరోజుకు ప్రకటన వస్తుంది, మంచినీటి బోరుకు పుట్టినరోజు లేదు. అందుకే ఫ్లోరైడ్ వార్త మంత్రి వచ్చినప్పుడో, ఈ ప్రాంతానికి కృష్ణా నీళ్లు తేవడానికి 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టుకు కొత్త గడువు ప్రకటించినప్పుడో ఒక వాక్యమై వెళుతుంది.

ఈ మౌనం కూడా జనం ఆలోచనను మలుస్తుంది. పత్రికలో రాని బాధ మన ఊరి నీళ్ల గుణమని, తలరాత అని సరిపెట్టుకోవడం అలవాటవుతుంది. బడిలో ఫొటో తీసేటప్పుడు పెదవులు బిగించి నిలబడే పిల్ల, అది తన ఒక్కదాని సిగ్గు అనుకుంటుంది. ‘సీతమ్మ కథ’ చదవకముందు ఆడవాళ్లు దెబ్బల గురించి సరిగ్గా ఇలాగే అనుకున్నారు.

పొగాకు సీజన్లో ఈ ప్రాంతపు జిల్లా పేజీలు ఒక మంచి పని చేస్తాయి. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాల్లో నిన్న ఎన్ని బేళ్లు అమ్ముడయ్యాయి, కిలో గరిష్ఠ ధర ఎంత, కనిష్ఠ ధర ఎంత అని అంకెలు వేస్తాయి. అలంకారం ఉండదు, వ్యాఖ్యానం ఉండదు. ఆ అంకెలు చూసుకునే రైతు మర్నాడు బేళ్లు కేంద్రానికి తేవాలో, ఇంకో వారం ఆగాలో నిర్ణయించుకుంటాడు. వార్త మనిషి చేతి పనిని మార్చడమంటే అంతకు మించి ఏమీ లేదు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలల్లో నీటి పరీక్షలు జరుగుతూనే ఉంటాయి. ఏ ఊరి బోరులో ఎంత ఉందో, శుద్ధి యంత్రం ఆ వారం పనిచేసిందో లేదో, ఊరి పేరుతో సహా పొగాకు ధరల పక్కన వారానికోసారి వేయడానికి రెండు అంగుళాల చోటు సరిపోతుంది.